ఫిడేలు నాయుడుగారి పాఠశాల

నిజామాబాదు జిల్లాలో గోదావరికి దాపున, ఆర్మూరు నుంచి నిర్మలకు పోయే పెద్దబాట మీద ముప్కాల్ అనే ఊరున్నది. పెండ్లిండ్ల కాలంలో అటువంటి ఊళ్ళ మీదుగా పోయేవారికి బ్యాండు మేళం చెవిని పడక మానదు. ముందు క్లారినెట్టు, వెనుక డోళ్ళు, వాటి వెనుక ఊరి పిల్లలు. ఊరేగింపు ముగియగానే పిల్లలందరూ భోజనాల పందిరివైపు పరుగెత్తుతారు. ఒక్కడు మాత్రం మేళగాడు వాద్యాన్ని తుడిచి పెట్టెలో పెట్టుకొనేదాకా అక్కడే నిలిచి చూస్తూ ఉంటాడు. అట్టి పిల్లవాడు ప్రతి ఊరిలోను, ప్రతి తరంలోను ఒకడుంటాడు.

వాడెవరి బిడ్డ, ఎవరి నెరుగును, చేతిలో ఏమున్నది అని అడుగకుండా వానికి స్వరం చెప్పే చోటు ఎక్కడైనా ఉన్నదా? సంగీతాన్ని గురించి మనం వేసుకొనే ప్రశ్నలలో రాగతాళాల ప్రశ్నల కన్న ఇది పెద్దది. తెలుగునాట ఈ ప్రశ్నకు గట్టి సమాధానం దొరికిన చోట్లలో విజయనగరం ముఖ్యమైనది. దొరికిన సంవత్సరం 1919. ఆ సమాధానాన్ని తమ జీవితంతో నిలబెట్టినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. దేశమంతా వారిని ఫిడేలు నాయుడుగారని పిలిచింది. వారి కచేరీల ఖ్యాతి అందరికీ తెలిసినదే. కాని ఆ ఖ్యాతి వెనుక ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠశాల ఉన్న సంగతి తరచు మరుగున పడుతూ ఉంటుంది.

పూర్వం మనకు సంగీతం గురువుగారి ఇంటిలో దొరికేది. శిష్యుడు ఆ ఇంట చేరి, నీళ్ళు తోడి, కట్టెలు కొట్టి, గురువుగారి వెంట ఊళ్ళు తిరిగి, ఆయన మనసు ప్రసన్నమైన వేళ ఒక కీర్తన ముక్క నేర్చుకొనేవాడు. ఆ పద్ధతి గొప్ప విద్వాంసులను తయారుచేసింది. దానిని తక్కువ చేసి చెప్పనక్కరలేదు. గురువు గొంతు శిష్యుని గొంతులోనికి దిగాలంటే కలిసి బ్రతకడమంత మంచి దారి మరొకటి లేదు. అయితే ఆ గుమ్మం అందరికీ తెరిచి ఉండేది కాదు. గురువు చుట్టమై ఉండాలి, లేదా ఆయన యింట ఇమిడేవాడై ఉండాలి, లేదా ఏ జమీందారు సిఫారసో కావాలి. ఆడపిల్లకు, అవయవలోపం గలవానికి, దూరదేశపు బీదవానికి ఆ గుమ్మం ఎంతో ఎత్తు. ఎందరి గొంతులు ఆ గుమ్మం దాటలేక మూగపోయినవో లెక్క కట్టినవారు లేరు.

నాయుడుగారి చేతిలోని వాద్యం కూడ ఒకనాడు పరదేశపు గుమ్మం దాటి వచ్చినదే. చెన్నపట్నం కోటలో తెల్లవారి సైన్యానికి బ్యాండు ఉండేది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పట్నానికి చేరువనున్న మణలిలో ఉన్నకాలంలో ఆ బ్యాండులోని వయొలిన్ విని ముచ్చటపడి, ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దానిని అభ్యసించి, మన కీర్తనలను దానిపై పలికించినాడు. పిమ్మట తంజావూరు వడివేలు ఆ వాద్యంలో ప్రవీణుడై, తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ నుంచి దంతపు ఫిడేలు బహుమతిగా పొందినాడు. తెల్లదొరలు నిలబడి గడ్డంకింద పట్టుకొనే వాద్యాన్ని మనవారు పద్మాసనం వేసి, తలను పాదం మీదికి, మొదలును రొమ్ముకు ఆనించుకొన్నారు. తీగెలను షడ్జపంచమాలకు శ్రుతి చేసినారు. ఒక నూరేండ్లు గడిచేసరికి అది పరాయిదన్న మాటే జనం మరచిపోయినారు.

ఈ వాద్యానికి ఒక విశేషమున్నది. వీణకు ఇరువదినాలుగు మెట్లు ఉన్నవి. వ్రేలు ఎక్కడ పెట్టవలెనో కన్ను చూపుతుంది. ఫిడేలుకు మెట్లు లేవు. నల్లని పలక మీద నాలుగు తీగెలే. రిషభం ఎక్కడున్నదో, గాంధారం ఎక్కడున్నదో చూచి తెలుసుకొనే వీలు లేదు. వెంట్రుకవాసి జరిగితే అపశ్రుతి. అక్కడ కన్నుకు పని లేదు, చెవియే దారి చూపాలి. నాయుడుగారి జీవితమంతా ఈ ఒక్క విషయంలో ఇమిడి ఉన్నది.

వారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించినారు. తండ్రి మానయ్యగారు సైన్యంలో అధికారి. సైనికోద్యోగి అయినా ఆయనకు ఫిడేలు వచ్చును. ఇంటిలో ఆ వాద్యం తాతల నాటినుంచి ఉన్నది. తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. వెంకటస్వామిగారు పెరిగినది ఆ సముద్రతీరంలోనే.

పిల్లవానిని బడికి పంపినారు. కాని చూపు మందం. ముందు పలక మీది అక్షరాలు కుదరలేదు, తరువాత నల్లబల్ల మీది లెక్కలు అందలేదు. చివరకు ఆ కారణంగానే బడి విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ కాలపు చదువు కంటిని నమ్ముకొన్న చదువు. కన్ను సహకరించని పిల్లవానికి అందులో చోటు లేదు. అట్టివారిని గూర్చి ఆనాటి కుటుంబాలలో ఏమనుకొనేవారో మనం ఊహించగలము. వీనికి చదువబ్బలేదు, ఏదో ఒక మూల బ్రతుకుతాడు అనుకొని ఊరుకొనేవారు.

ఇక్కడ అన్నగారు వెంకటకృష్ణయ్యగారు అడ్డుపడినారు. వారు కశింకోటలో ఉద్యోగం చేస్తూ ఉండేవారు. మంచి వైణికుల, ఫిడేలు విద్వాంసుల సంపర్కం గల ప్రాంతమది. తమ్మునికి కమాను పట్టడం నేర్పిన తొలి గురువు ఆయనయే. బడి వద్దన్న పిల్లవాడు ఇంటిలో గంటల తరబడి సాధన చేసినాడు. కంటికి దొరకనిదంతా చెవికి దొరికింది. ఎదురింటి పాటయైనా, గుడిలోని నాదస్వరమైనా ఒకసారి విన్నది లోపల నిలిచిపోయేది. లోపమని లోకం పేరు పెట్టినదే మెట్లు లేని ఆ వాద్యం ముందు అడ్డు కాకపోయింది.

ఇంతలో విజయనగరంలో ఒక విశేషం జరిగింది. పూసపాటివారి ఆస్థానం మొదటినుంచి విద్వాంసులకు ఆటపట్టు. అక్కడి కొలువులోని చాగంటి జోగారావుగారికి గంగబాబు అని ఒక కుమారుడు. పుట్టంధుడు. కండ్లు లేని పిల్లవానికి సంగీతమైనా చెప్పిద్దామన్న ఆలోచన వచ్చినది. ఆ ఒక్క పిల్లవానికి ఒక పంతులును కుదిర్చితే సరిపోయేది. ఏ సంస్థానంలోనైనా అంతే చేసేవారు. కాని మహారాజు విజయరామ గజపతిరాజుగారు మరొక అడుగు ముందుకు వేసినారు. ఒకనికి చెప్పించేది పదిమందికి చెప్పిస్తే ఏమి నష్టమన్నట్లుగా, 1919 ఫిబ్రవరిలో విజయరామ గాన పాఠశాలను నెలకొల్పినారు. ఈనాటి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు అది మొదలు. ఒక అంధబాలుని కోసం తెరిచిన తలుపు ఎవరికీ మూయకుండా ఉంచడమే అందులోని గొప్పతనం.

దానికి తొలి అధ్యక్షుడుగా ఆదిభట్ల నారాయణదాసుగారు నియమితులైనారు. 1864లో అజ్జాడలో పుట్టి, హరికథకు పితామహుడనిపించుకొన్న మహానుభావుడాయన. ఐదు తాళాలను ఏకకాలంలో వేసి చూపిన లయబ్రహ్మ. సంస్కృతం, అచ్చతెనుగు, పారశీకం తెలిసిన పండితుడు. కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, ఒక్కరే రంగస్థలమంతా నిండి నిలిచే మనిషి. అట్టి స్వతంత్రుడు గంట కొట్టగానే తరగతికి వెళ్ళే ఉద్యోగంలో కుదురుకొనడం వింతగానే తోస్తుంది. కాని పదిహేడేండ్లు ఆ పీఠాన్ని అలంకరించినారు. విద్యార్థులకు ఆయన అండ, పాఠశాలకు ఆయన పేరు పెట్టనికోట.

లోకంలో ఒకే కాలంలో దూరదూరాల ఒకే తలపు మొలకెత్తడం కద్దు. ఆ 1919వ సంవత్సరంలోనే నవంబరు నెలలో, అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, స్టిల్‌వాటర్ అనే ఊరి వ్యవసాయ కళాశాలలో, బ్యాండు వాయించే విద్యార్థులు కొందరు ఒక సోదరసంఘం కట్టుకొన్నారు. దానికి పూనుకొన్న విద్యార్థి విలియం స్క్రాగ్స్. వెనుక నిలిచిన గురువు బొహుమిల్ మకోవ్‌స్కీ, బొహీమియా నుంచి వలసవచ్చిన క్లారినెట్టు వాద్యకారుడు. కప్పా కప్పా సై అనే ఆ సంఘం పిమ్మట ఆ దేశంలోని అనేక కళాశాలలకు ప్రాకింది. వారికి మన రాగాలు తెలియవు, మనకు వారి కవాతు పాటలు తెలియవు. అయినా రెండు చోట్లా మూలసూత్రం ఒకటే. వాద్యం ఒంటరి సొత్తు కాదు. ఒక కప్పు క్రింద కలిసి నేర్చుకొన్నవారు ఒక కుటుంబమవుతారు. ఆ కుటుంబంలో చేరడానికి పుట్టుక అర్హత కాదు, అభ్యాసమే అర్హత.

విజయనగరంలో పాఠశాల తెరిచిన వార్త విని వెంకటస్వామి నాయుడుగారు అక్కడికి వచ్చినారు. అప్పటికి వారికి ఇరువదియారవ యేడు. వచ్చినది ఉద్యోగానికి కాదు, విద్యార్థిగా చేరడానికి. బడి నుంచి ఒకనాడు వెలుపలికి వచ్చిన మనిషి మరల ఒక బడి గుమ్మంలో నిలబడినాడు. ఆయన ఫిడేలు వాయించగా నారాయణదాసుగారు విన్నారు. విన్న పిమ్మట విద్యార్థుల పట్టీలో ఆయన పేరు వ్రాయలేదు. ఫిడేలు అధ్యాపకునిగా నియమించినారు. అర్జీ పట్టుకొని వచ్చినవానికి ఆచార్యపీఠం దొరకడం కథలలో వింటాము. ఇక్కడ అది నిజంగా జరిగింది. ఇందులో నాయుడుగారి విద్య ఎంత గొప్పదో, పట్టాలూ పరిచయాలూ చూడకుండా వాద్యాన్ని మాత్రమే విని నిర్ణయించిన దాసుగారి మనసూ అంత గొప్పది.

ఆనాటినుంచి సుమారు మూడున్నర దశాబ్దాలు వారి జీవితం విజయనగరంతో పెనవేసుకొన్నది. కచేరీకి ఎంత దూరం పోయినా తిరిగి వచ్చేది విద్యార్థుల మధ్యకే.

ఫిడేలు పాఠం బయటివారు అనుకొన్నంత మధురమైన వ్యవహారం కాదు. మొదటి నెలలలో పిల్లవాడు కమాను లాగితే వచ్చేది తలుపు కిర్రుమన్న చప్పుడు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, ఆపైన జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు. ఈ మెట్లన్నీ ఎక్కిన తరువాతగాని కీర్తన పలుకదు. ఎడమచేతి వ్రేలు స్వరస్థానం వెదుకుకోవాలి. కుడిచేయి కమానును వణుకు లేకుండా మొదటి నుంచి తుది వరకు సాగదీయాలి. పిల్లలు సాధారణంగా ఎడమచేతి చమత్కారానికి ఆశపడతారు. నాదమంతా కుడిచేతిలో ఉన్నదని తెలియడానికి ఏండ్లు పడుతుంది. నాయుడుగారి వాద్యానికి ప్రాణం ఆ కుడిచేతి పట్టులోనే ఉండేది. పాశ్చాత్య విద్వాంసులు కమానును నడిపే తీరును ఆయన శ్రద్ధగా గమనించి, మంచిదనిపించినది గ్రహించినారు. గ్రహించినదంతా మన గమకానికి దాస్యం చేయించినారు. వారి ఫిడేలు పాడినట్లుండేది. సాహిత్యం తెలిసినవానికి ఆ నాదంలో అక్షరాలు వినబడేవి.

వేగం చూపి చప్పట్లు కొట్టించుకొనడం ఆయన మార్గం కాదు. శ్రుతి కుదరనిదే మొదటి స్వరం పలికించేవారు కాదు. విద్యార్థికి ఇంతకన్న మంచి పాఠం లేదు. గురువు నోటితో చెప్పినదానిలో సగం మరచిపోవచ్చును. గురువు శ్రుతి చేసుకొంటుండగా చూచినది మరపురాదు.

అదీగాక, ఆ పాఠశాలలో ఒకరే గురువు కారు. ఒక గదిలో వీణ, ఒక గదిలో గాత్రం, ఒక గదిలో మృదంగం, ఒక గదిలో ఫిడేలు. వీణకు వాసా వెంకటరావుగారి వంటి విద్వాంసులుండేవారు. గురుకులంలో శిష్యుడు ఒక్కరి బాణీనే వింటాడు. ఇక్కడ గోడ అవతల నుంచి మరొకరి బాణీ వినవస్తుంది. తన గురువును ప్రేమిస్తూనే పొరుగు గురువును గౌరవించడం అలవడుతుంది. కళాశాల అనే ఏర్పాటు ఇచ్చే లాభాలలో ఇది చిన్నది కాదు.

1936లో నారాయణదాసుగారు విరమించగా నాయుడుగారు అధ్యక్షులైనారు. చూపు చాలదని బడి విడిచిన పిల్లవాడు, కండ్లు లేని పిల్లవాని కోసం వెలసిన కళాశాలకు పెద్ద అయినాడు. దీనిని విధివిలాసమని సరిపెట్టుకొనడం సులభం. కాని విధి ఒక్కతే చేసిన పని కాదిది. తమ్ముని విడిచిపెట్టని అన్న, ఒకనికైనది అందరికీ కావాలన్న రాజు, విద్యను మాత్రమే విన్న దాసుగారు ఇందులో ఉన్నారు. ముగ్గురిలో ఏ ఒక్కరు పెడముఖం పెట్టినా మనకు ఫిడేలు నాయుడుగారు లేరు.

ఇక ఆ తలుపు తాను పెద్దయిన పిమ్మట ఇతరులకు ఎంతగా తెరిచినారన్నదే చూడవలసినది. ఆ పరీక్ష ఒకటి వారికి త్వరలోనే వచ్చింది.

కృష్ణాజిల్లా నుంచి ఒక కుర్రవాడు సంగీతం నేర్వాలని విజయనగరం చేరినాడు. తండ్రి చిన్ననాడే పోయినాడు. సంగీతవిద్వాంసుడు కావాలన్నది ఆ తండ్రి చివరి కోరిక. దారి ఖర్చుకు చేతి ఉంగరం అమ్ముకొన్నాడు. తీరా వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. తిరిగి పోవడానికి ఇల్లు లేదు, ఉండడానికి నీడ లేదు. నాయుడుగారు ఆ కుర్రవానికి కళాశాల ఆవరణలో తలదాచుకొనడానికి అనుమతి నిచ్చినారు. చదువు దొరికినా అన్నం దొరకడం మరొక సమస్య. జోలె పట్టి ఇంటింటా మధూకరమెత్తుకొని ఆ కుర్రవాడు కడుపు నింపుకొన్నాడు. కళాశాలలో గాత్రం చెప్పే సాలూరు గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు, తమకే చాలీచాలని సంసారమైనా, అతనిని ఆదరించి ఇంటివానిగా చూచుకొని విద్య గరపినారు. ఆ కుర్రవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. తరువాత తెలుగువారి ఇంటింటా వినిపించిన గొంతు అది.

ఈ కథను మనం ముచ్చటగా చెప్పుకొంటాము. కాని ఇందులో ఒక ముల్లున్నది. తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు. లోపలికి వచ్చినవానికి కూడు, నీడ ఉండాలి. పాఠశాల పాఠం చెప్పగలిగింది. అన్నం మాత్రం ఊరి ఇల్లాండ్రు పెట్టవలసి వచ్చింది. విజయనగరం మంచి ఊరు కనుక జోలె నిండింది. నిండని ఊళ్ళలో ఎన్ని గొంతులు ఆకలితో వెనుదిరిగినవో మనమెరుగము. విద్యాలయాలు కట్టేవారు ఈ సంగతిని మొదట తలచుకోవాలి. గోడలకు ముందు గంజి కావాలి.

ఘంటసాల ఒక్కరే కాదు. 1940లో నేదునూరి కృష్ణమూర్తి అనే బాలుడు ఆ కళాశాల చేరి, నాయుడుగారి కుటుంబీకులే అయిన ద్వారం నరసింగరావు నాయుడుగారి వద్ద గాత్రం, ఫిడేలు మొదలుపెట్టినాడు. పిమ్మట ఆయన కర్ణాటక సంగీతంలో అగ్రశ్రేణి గాయకుడై 1991లో మద్రాసు సంగీత అకాడమి వారి సంగీత కళానిధి బిరుదు పొందినారు. అదే బిరుదును నాయుడుగారు 1941లో పొంది ఉన్నారు. సరిగా ఏబదియేండ్ల యెడంతో రెండు బిరుదులు ఒకే కళాశాల గుమ్మంలోనికి నడచివచ్చినవి. ఇక విజయనగరంలోనే పుట్టి, ఆ కళాశాలలోనే సంగీతాన్ని అభ్యసించి పరీక్ష నెగ్గిన ఒక ఆడపిల్ల పి. సుశీల. గురువుగారి ఇంట శిష్యురాలై ఊళ్ళు తిరుగలేని గృహస్థుల బాలికకు, ఇంటినుంచి నడచివెళ్ళి పాఠం విని తిరిగి రాదగిన కళాశాల ఎంత మేలు చేసినదో ఈ ఒక్క పేరు చెబుతుంది.

అధ్యాపకత్వం ఒకవంక సాగుతుండగా నాయుడుగారు మరొకవంక తమ వాద్యానికి ఒక గౌరవం సంపాదించిపెట్టినారు. కచేరీలో ఫిడేలు స్థానం పక్కన. గాయకుడు పాడినదానిని నీడవలె అనుసరించడం దాని ధర్మం. నాయుడుగారు ఆ ధర్మాన్ని ఎంతో వినయంతో నెరవేర్చినారు. పెద్ద గాయకులు తమ పక్కన ఆయన కూర్చుంటే ధైర్యపడేవారు. కాని ఫిడేలు ఒంటరిగా కూర్చుని సభను నడపగలదా? మాటలు లేని వాద్యాన్ని మూడు గంటలు జనం వింటారా? 1938లో వేలూరులో వారు ప్రధానవాద్యంగా ఫిడేలు కచేరీ చేసినారు. జనం విన్నారు. ఆ తరువాత దక్షిణాదిని ఫిడేలు ఒంటికచేరీ అరుదైన వింతగా కాక ఒక సంప్రదాయంగా నిలబడింది. అందుకు తోడ్పడినవారిలో నాయుడుగారు అగ్రగణ్యులు.

ఆ తరువాత గౌరవాలు వరుసగా వచ్చినవి. 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించినవి. గ్రామఫోను రికార్డులూ రేడియో వారి నాదాన్ని, విజయనగరం ఎక్కడున్నదో తెలియని ఇండ్లకు కూడ చేర్చినవి.

1952లో ప్రపంచప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ భారతదేశానికి వచ్చినారు. మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి ఫిడేలు విని ముగ్ధులైనారు. ఒకరిది నిలబడి వాయించే సంప్రదాయం, మరొకరిది నేలమీద కూర్చుని వాయించేది. ఒకరు కాగితం మీది స్వరాలు చూచి సాధన చేసినవారు, మరొకరు చెవినే గ్రంథం చేసుకొన్నవారు. తెల్లవారి బ్యాండులో నుంచి మనం ఎరువు తెచ్చుకొన్న వాద్యాన్ని నూటయేబది యేండ్ల పిమ్మట ఆ దేశాల మేటి విద్వాంసుడు మనవాని చేత వింటున్నాడు. ఎరువు తెచ్చుకొన్నది వడ్డీతో తీర్చిన రోజు అది.

అదే సంవత్సరం ఢిల్లీలో నాయుడుగారు మరొక కచేరీ చేసినారు. అది అంధుల సహాయ సంఘం నిమిత్తం. ఈ రెండు కచేరీలలో లోకం మొదటిదానినే ఎక్కువగా చెప్పుకొంటుంది. కాని వారి జీవితాన్ని మొదటినుంచి చూచినవారికి రెండవదే హృదయానికి దగ్గరగా తోస్తుంది. కనుచూపు కరువైనవాని కష్టం ఆయనకు పుస్తకాలలో తెలిసినది కాదు. అంధబాలుని పేర పుట్టిన విద్యాలయం అన్నం తిన్న మనిషి, ఆ ఋణం ఎక్కడ తీర్చాలో ఎరిగినవాడు.

ఉద్యోగవిరమణానంతరం వారు ఎక్కువగా మద్రాసులో ఉన్నారు. 1964 నవంబరు 25వ తేదీన, డెబ్బదిరెండవ యేట, తనువు చాలించినారు. కుమార్తె మంగతాయారుగారు ఆ వాద్యాన్ని చేపట్టి తండ్రి బాణీని నిలిపినారు. 1993లో శతజయంతినాడు భారత తపాలాశాఖ వారి పేర తపాలాబిళ్ళ వెలువరించింది. పెరిగిన ఊరు విశాఖలో విగ్రహం వెలసింది. విజయనగరం కళాశాల నూరేండ్లు దాటి ఇంకా పిల్లలకు సరళీ స్వరాలు చెబుతూనే ఉన్నది.

కళాశాలలలో సంగీతం వచ్చునా అని శంకించేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. వారి శంకలో సత్యం లేకపోలేదు. గంటకూ గంటకూ నడుమ రాగం ఇమడదు. పరీక్షకు సరిపడిన కీర్తనలు అప్పగించి పట్టా పుచ్చుకొన్నవాడు విద్వాంసుడు కాడు. నాయుడుగారే కళాశాలలో నేర్చుకొనలేదు గదా, అన్నగారి వద్ద నేర్చుకొన్నారు గదా అని వాదించవచ్చును. నిజమే. కాని ఆ వాదం తుదకు మనలను ఎక్కడికి తీసుకొనిపోతుంది? ఫిడేలు తెలిసిన అన్నగారు ఉన్న పిల్లవానికి విద్య వస్తుంది, లేనివానికి రాదు అన్నచోటికే గదా. నాయుడుగారు తమకు దొరికిన అన్నగారిని, అట్టి అన్నగారు లేని పిల్లలకు తామే అయి చూపినారు. కళాశాల అంటే వారి దృష్టిలో అంతే కావచ్చును. గురుకులం గొప్పదే. దాని గుమ్మాన్ని కొంచెం దించితే కళాశాల అవుతుంది. గుమ్మం దిగినంత మాత్రాన లోపలి విద్య దిగజారనక్కరలేదని మూడు దశాబ్దాలకు పైగా నిరూపించిన వ్యక్తి ఆయన.

విజయనగరం పెట్టిన ఒరవడి తరువాత తెలుగునాట పలుచోట్ల సాగింది. 1952లో హైదరాబాదులో ప్రభుత్వ సంగీత కళాశాల వెలసింది. నిజామాబాదులో కూడ ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉన్నది. ముప్కాల్‌లో బ్యాండు మేళం ముందు నిలిచి చూచే ఆ పిల్లవాడు ఆర్మూరు మీదుగా బస్సెక్కి, ఒక దరఖాస్తు కాగితం పట్టుకొని ఆ గుమ్మంలో నిలబడవచ్చును. తండ్రి ఎవరు, తాత ఎవరని కాక, ఏది పాడగలవు, ఏది వాయించగలవని అడిగేవారు అక్కడ ఉండాలి. నూరేండ్ల క్రిందట విజయనగరంలో నారాయణదాసుగారు అడిగినది ఆ ఒక్కటే. దానికి నాయుడుగారు ఫిడేలుతో బదులు చెప్పినారు. ఆ బదులు విని పేరు వ్రాసుకొనే గురువులు ఉన్నంతకాలం ఆ పాఠశాల మూతపడినట్లు కాదు.